పాపం, చిన్న కంపెనీ!

మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి బయోటెక్ షేర్లు. మొన్న ఫోన్ చేసి, పిల్లలకొచ్చే అరుదైన జబ్బులకి మందులు అమ్మే చిన్న కంపెనీల మీద ముప్పావుగంట క్లాస్ పీకాడు. ధరల గురించి నేను నోరు తెరిచినప్పుడల్లా ఒకటే మాట: "చిన్న కంపెనీరా తమ్ముడూ, పాపం. ఎంత రిస్క్ తీసుకున్నారో నీకేం తెలుసు." ఫోన్ పెట్టేశాక కూడా ఆ "పాపం" చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. సరే, పెద్దవాడు చెప్పాడు కదా, మనమూ జాలిపడదాం అని ఒక చిన్న కంపెనీ కథ తీశా.

మారథాన్ ఫార్మాస్యూటికల్స్. షికాగో పక్కన నార్త్‌బ్రూక్. షేర్ మార్కెట్లో కూడా లేదు, పాపం. 2017 ఫిబ్రవరి 9న వీళ్ళ మందుకి ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, ఓకే చెప్పింది. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అని, దాదాపుగా మగపిల్లలకే వస్తుంది, కండరాలు ఏడాదికేడాది కరిగిపోతాయి, దానికి మందు. పేరు ఎంఫ్లాజా. ఏడాదికి లిస్ట్ ధర, అంటే డిస్కౌంట్లు తియ్యకముందు కంపెనీ చెప్పే రేటు, 89,000 డాలర్లు, అప్పటి లెక్కలో ఇంచుమించు 60 లక్షల రూపాయలు. అబ్బో ఎంత పరిశోధన చేశారో అనుకుని బ్రాండ్ పేరు కింద అసలు పేరు చూస్తే, డెఫ్లజకార్ట్.

డెఫ్లజకార్ట్ అండీ! మా అత్తయ్యకి కీళ్ళనొప్పులకి డాక్టరు రాసే బిళ్ళ. మా సందు చివర మెడికల్ షాపాయన డ్రాయర్ లాగి, స్ట్రిప్ తీసి, కత్తెరతో నాలుగు బిళ్ళలు కట్ చేసి, ఖాకీ కవర్లో వేసి, కవర్ మీద బాల్‌పెన్నుతో పొద్దునకో గీత రాత్రికో గీత గీసిస్తాడు. పది బిళ్ళల స్ట్రిప్ మొత్తం తీసుకున్నా నూట చిల్లర. కిలోకి 0.9 మిల్లీగ్రాముల చొప్పున 25 కిలోల పిల్లాడికి ఆరు మిల్లీగ్రాములవి రోజుకి నాలుగు పడతాయి. అంటే మా సందు రేటులో ఏడాదికి పదిహేను, ఇరవై వేలు. అక్కడ 60 లక్షలు.

రిస్క్ సంగతి కూడా చూశా, అన్యాయంగా మాట్లాడకూడదు కదా. ఈ మందు 1960లలో పుట్టింది, అమెరికా బయట దశాబ్దాల నుంచి అమ్ముతున్నారు. డుషేన్ పిల్లలు 196 మంది మీద అసలు ట్రయల్ 1990లలోనే వేరేవాళ్ళు చేశారు. మారథాన్ వాళ్ళు ఆ పాత డేటా సంపాదించి, మళ్ళీ లెక్కలు కట్టి, కొన్ని కొత్త పరీక్షలు చేసి, అప్లికేషన్ పెట్టారు. దానికీ ఖర్చవుతుంది, కాదన్నవాడు కళ్ళుపోతాడు. కానీ ఎవరో నాటిన మామిడిచెట్టుకి గోడ కట్టి గేటు దగ్గర కుర్చీ వేసుకున్నవాడు "ఎండలో కూర్చున్నానండీ, రిస్క్" అంటే ఏం చెప్తాం.

ఇది చదివిన దగ్గర్నుంచి మా మెడికల్ షాపాయన నాకు మామూలు మనిషిలా కనపడట్లేదు. వెనక వెంకటేశ్వరస్వామి క్యాలెండర్, ముందు గాజు కౌంటరు, మధ్యలో సీఈఓ. ఇన్వెస్టర్ మీటింగ్ నడుస్తోంది. కత్తెర పైకెత్తి "ఇది మా ప్లాట్‌ఫామ్ టెక్నాలజీ" అంటాడు. పక్కన అసిస్టెంట్ కుర్రాడు, డాక్టర్ల రాత చదవగలిగేది వాడొక్కడే కాబట్టి చీఫ్ సైంటిఫిక్ ఆఫీసర్. పైప్‌లైన్‌లో, అంటే రాబోయే మందుల్లో, ఏముంది సార్ అని ఎవరో అడిగితే పక్క డ్రాయర్ లాగి చూపిస్తాడు, అందులో జెలూసిల్. ఆర్ అండ్ డీ ఖర్చు అంటే ఫ్యాన్ కరెంటు బిల్లు. ఇంతలో ఒక ముసలామె వచ్చి "బాబూ, మొన్నటి బిళ్ళలే నాలుగివ్వు" అంటే ఆయన లేచి నిలబడి చాలా బాధగా, "అమ్మా, నిన్నటిదాకా అది బిళ్ళే, ఈరోజు నుంచి అనాథ" అంటాడు. ఆమె కంగారుపడి "అయ్యో, దాని అమ్మానాన్నలకేమైంది?" అంటుంది.

నవ్వకండి, పేరు నిజంగా అదే, ఆర్ఫన్ డ్రగ్. జబ్బున్నవాళ్ళు తక్కువ, లాభం లేదని కంపెనీలు ఆ మందుల జోలికి రావట్లేదని 1983లో అమెరికాలో చట్టం చేశారు, మంచి ఉద్దేశమే. ఆ జబ్బుకి అదే మందు ఏడేళ్ళ దాకా ఇంకెవరూ అమ్మకూడదు. అనాథకి ఏడేళ్ళపాటు ఒక్కడే గార్డియన్ అన్నమాట. ఆ అనాథ పేరు చెప్పి గార్డియన్ ఎంత చందా వసూలు చేసుకోవచ్చో మాత్రం చట్టంలో రాయలేదు.

ఇంకో తాయిలం కూడా ఉంది. పిల్లల అరుదైన జబ్బుకి మందు తెస్తే, 2012 చట్టం ప్రకారం ఎఫ్‌డీఏ ఒక వోచర్ ఇస్తుంది. అది చూపిస్తే ఇంకో మందు ఫైలుని పది నెలల బదులు ఆరు నెలల్లో చూస్తారు. మన భాషలో బ్రేక్ దర్శనం టికెట్. పైగా పేరు రాయని టికెట్, అమ్ముకోవచ్చు. నడవలేని ముసలమ్మని కొండ మీదికి మోసుకెళ్ళావు, పుణ్యాత్ముడివి అని దేవస్థానం వాళ్ళు ఒక టికెట్ ఇస్తే, దాన్ని తెచ్చి అలిపిరిలో వేలం వేశాడనుకోండి, అదే ఇది. తేడా ఏంటంటే అక్కడ బ్లాక్‌లో అమ్మితే పోలీసులు పట్టుకుంటారు, ఇక్కడ ప్రెస్ నోట్ ఇస్తారు. మొదటి టికెట్ బయోమారిన్ అనే కంపెనీది, 2014లో 6.75 కోట్ల డాలర్లకి రీజెనరాన్, సనోఫీలకి అమ్మింది. వాళ్ళు దాన్ని కొలెస్ట్రాల్ ఇంజెక్షన్ ప్రాలుయెంట్ కోసం వాడి, పోటీగా ఉన్న ఆమ్‌జెన్ వాళ్ళకంటే ఒక నెల ముందు మార్కెట్లోకొచ్చారు. ఎముకలు వంకరపోయే జబ్బున్న పిల్లల పేరు మీద వచ్చిన టికెట్టుతో కొలెస్ట్రాల్ పెద్దమనుషులు లైన్ దాటేశారు. 2015 మేలో రెట్రోఫిన్ తన టికెట్ సనోఫీకి 24.5 కోట్ల డాలర్లకి, ఆగస్టులో యునైటెడ్ థెరప్యూటిక్స్ ఆబ్‌వీకి 35 కోట్లకి. సంక్రాంతికి కొత్త సినిమా టికెట్ కూడా ఇంత స్పీడుగా పెరగదు. బయోమారిన్ నిజంగానే కొత్త మందు తయారుచేసింది, వాళ్ళకి ఇంకో రెండిచ్చినా నేను ఏడవను. కానీ మా అత్తయ్య బిళ్ళకి రంగు డబ్బా వేసిన మారథాన్‌కీ ఒక టికెట్టే!

వెటకారం ఇక్కడిదాకానే వస్తోంది నాకు.

మా అపార్ట్‌మెంట్ కింద ఫ్లోర్లో ఒక పిల్లాడున్నాడు, ఏడేళ్ళు, ఇదే జబ్బు. బొమ్మకార్లతో కింద కూర్చుని ఆడుకుంటాడు. అమ్మ పిలిస్తే లేవాలి కదా. ముందు బోర్లా తిరిగి రెండు చేతులూ నేల మీద ఆనిస్తాడు, నడుం పైకెత్తుతాడు, ఒక చెయ్యి తీసి మోకాలి మీద పెడతాడు, తర్వాత రెండోది, అక్కణ్ణుంచి తొడల మీదికి, అలా తన కాళ్ళని తనే నిచ్చెనలా పట్టుకుని ఎక్కి నిలబడతాడు. దానికి డాక్టర్లు పేరు కూడా పెట్టారు, గోవర్స్ సైన్ అని. నిలబడ్డాక మనవైపు చూసి నవ్వుతాడు, గెలిచినట్టు. ఈ బిళ్ళ జబ్బు తగ్గించదు. వీల్‌చెయిర్‌ని కొంచెం వెనక్కి నెడుతుంది, అంతే. ఆ "కొంచెం" కోసం తల్లిదండ్రులు నెలలు లెక్కపెట్టుకుంటారు. అమెరికాలో ఇలాంటి తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి బయటి దేశాల నుంచి తెప్పించుకునేవాళ్ళు, ఏడాదికి వెయ్యి నుంచి పదహారొందల డాలర్లలో అయిపోయేది. దేశంలో దొరకని మందు కాబట్టి చూసీచూడనట్టు వదిలేసేవాళ్ళు. ఇక్కడే దొరుకుతోందిగా అన్న రోజు ఆ దారి మూసుకుపోతుంది. మందు రావడమే వాళ్ళకి దెబ్బ అయ్యింది. తండ్రి సూట్‌కేస్‌లో వచ్చే బిళ్ళని లాక్కుని, అదే బిళ్ళ అరవై రెట్లకి అమ్మడాన్ని యాక్సెస్, అంటే మందు అందుబాటులోకి తేవడం, అంటారా? సిగ్గుండక్కర్లేదా? ఆ పిల్లాడు నేల మీద నుంచి లేచేది ఒక్కసారి చూసి అప్పుడు రాయండ్రా మీ ధర.

సెనేటర్ బెర్నీ శాండర్స్, అమెరికా పార్లమెంటు సభ్యుడు ఎలైజా కమింగ్స్ కంపెనీకి ఉత్తరం రాశారు, గొడవైంది, ఓకే వచ్చిన నాలుగు రోజులకే మారథాన్ వాళ్ళు అమ్మకం ఆపాం అన్నారు. పశ్చాత్తాపం అనుకునేరు. మార్చిలో, అంటే ఓకే వచ్చిన ఐదు వారాలకి, ఆ మందుని 14 కోట్ల డాలర్లకి పీటీసీ థెరప్యూటిక్స్‌కి అమ్మేశారు. పీటీసీ అప్పట్లో ఉండేది న్యూజెర్సీలో సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్, మనవాళ్ళుండే ఎడిసన్‌ని ఆనుకునే. వాళ్ళు దయతలచి 25 కిలోల పిల్లాడికి ఏడాదికి 35,000 డాలర్లన్నారు. 2023లో ఆ ఒక్క మందు మీదే పాతిక కోట్ల డాలర్ల పైన అమ్మకం. 2024 ఫిబ్రవరికి ఏడేళ్ళూ నిండాయి, నిండగానే జనరిక్, అంటే వేరే కంపెనీ చేసిన అదే మందు, దిగింది. ఎవరు దింపారు? మన హైదరాబాద్ అరబిందో.

నిన్న అత్తయ్య బిళ్ళలైపోయాయని షాపుకెళ్ళా. ఆయన కత్తెర తీసి "ఎన్నిమ్మంటారు?" అన్నాడు. కట్ చెయ్యకు, స్ట్రిప్ మొత్తం ఇచ్చెయ్యి అన్నా. ఇంటికొచ్చి దాన్ని ఫోటో తీసి, ధర దగ్గర ఎర్రగా సున్నా చుట్టి మా అన్నయ్యకి పంపా, ఏమంటాడో చూద్దామని. బ్లూ టిక్కులు పడ్డాయి. రెండు గంటల తర్వాత రిప్లై వచ్చింది.

"చీప్‌గా ఉందే. ఎవర్రా చేసేది, లిస్టెడేనా?"