నేల ఉసిరి పసరుతో ఏ కామెర్లైనా పోతాయా?

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు. నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి పరగడుపున మూడు రోజులు తాగితే ఏ కామెర్లైనా పోతాయి. టెస్టులు దండగ. ఉప్పు, నూనె మానెయ్యాలి. చెట్టు మందే కాబట్టి పసిపిల్లలకూ పట్టొచ్చు.’ ఇందులో నిజం రవ్వంత, ప్రమాదం కొండంత.

మందు లేదన్న మాటే తప్పు. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగితే కళ్ళు పచ్చబడతాయి. ఎందుకు పెరిగిందో తెలియాలంటే టెస్టు చేయించాల్సిందే. మురుగునీటితో వచ్చే హెపటైటిస్ (వైరస్ వల్ల లివర్ వాపు) ఎ, ఇ కావచ్చు. రక్తం ద్వారా సోకే బి, సి కావచ్చు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. టీబీ మాత్రలు పడక లివర్ దెబ్బతిని ఉండొచ్చు. రాయిని ఏ పసరూ కదిలించదు, దాన్ని తీయించాలి. హెపటైటిస్ సి చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ఆ మాత్రలు ఉచితం.

మరి పసరుతో తగ్గినవాళ్ళ సంగతేమిటి? మన దగ్గర పైపుల్లో మురుగు కలవడం కొత్త కాదు. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిందీ అందుకే. హెపటైటిస్ ఎ, ఇ కూడా ఆ దారినే వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. కానీ నిండు గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. ఆమెను పసరు పేరుతో మూడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టడం ఘోరం.

నేల ఉసిరిని నేను తీసిపారెయ్యడం లేదు. ఆయుర్వేదంలో భూమ్యామలకి అని దీనికి పాతకాలం నుంచీ చోటుంది. మద్రాసులో హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకు 30 రోజులు ఇచ్చి చూస్తే సగానికి పైగా మందిలో వైరస్ ఆనవాలు పోయిందని 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. నిజానికి ఆ మద్రాసు పరీక్ష కూడా మూడు రోజుల వైద్యం కాదు.

తయారీ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరుసగా ఆవగింజల్లాంటి కాయలు కనిపిస్తాయి. అదే గుర్తని పీకేస్తారు, కానీ దాన్ని పోలిన మొక్కలు ఇంకా ఉన్నాయి. మురుగు కాలవ గట్టున పీకి, వేరు మట్టి సరిగా వదలకుండా నూరి, కాచని నీళ్ళు పోసి పిండితే ఏ నీటితో జబ్బు వచ్చిందో ఆ నీరే మళ్ళీ కడుపులోకి పోతుంది. వాడదలిస్తే టెస్టులు అయ్యాక, చదువుకున్న ఆయుర్వేద డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఉప్పు, నూనె మానే పథ్యం కూడా అక్కర్లేదు. వాంతులతో నీరసించిన మనిషికి చప్పిడి కూడు పెడితే ఆ నాలుగు ముద్దలూ దిగవు. సహించినంత మామూలు తిండి పెట్టాలి, మద్యం ముట్టకూడదు. మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఎక్కడైనా రక్తం కారినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

పసిపిల్లలకు పట్టొచ్చన్న మాట చూస్తే నాకు భయమేస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లో బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడుకు ఎక్కి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. బిడ్డను నీలి లైటు కింద పెట్టి దాన్ని సకాలంలో తగ్గించవచ్చు. బిడ్డ అరికాళ్ళ దాకా పచ్చబడినా, పాలు తాగడం తగ్గించినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. నోట్లో ఒక్క చుక్క పసరు కూడా వెయ్యకండి.