మురుగు మడిలో పచ్చటి పాలకూర: మొక్క తట్టుకుంది, మరి మనం?

మా వీధి చివర తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మే ఆమెది చింతామణి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పదిహేనేళ్లయినా తెలుగువాళ్లు కనబడితే తెలుగులోనే పలకరిస్తుంది. పోయిన వారం పాలకూర కట్ట చేతిలో పెడుతూ, "చూడన్నా, ఎంత కళగా ఉందో! ఒక్క పురుగు బొక్క కూడా లేదు" అంది. నిజమే. ఆకు నా అరచేతి కన్నా వెడల్పుంది, కాడ విరిస్తే ఫట్‌మని విరిగింది. ఏ ఊరి మడిదని అడిగితే, "మార్కెట్లో ఎత్తుకొస్తాను కదన్నా, చెరువు కింద మడులంటారు. ఏ చెరువో నాకేం తెలుసు?" అంది.

ఆమె తప్పేమీ లేదు. కూర నవనవలాడుతూ ఉంటే నేలా మంచిదే, నీళ్లూ మంచివే అని మనందరి నమ్మకం. నాకూ అదే ఉండేది. లోహాలున్న నేలల్లో మొక్కలు ఎలా బతుకుతాయో చదువుతున్న కొద్దీ ఆ నమ్మకం సడలిపోయింది. మొక్క తట్టుకోవడం వేరు, దాన్ని తిన్నవాళ్లు తట్టుకోవడం వేరు. ఈ రెంటినీ కలిపేసి చూస్తున్నాం కాబట్టే నగరం చుట్టూ మురుగు నీళ్లతో పండే మడుల గురించి మనకు రావలసినంత టెన్షన్ రావడం లేదు.

1950, 60లలో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో మూతపడిన సీసం, రాగి, జింక్ గనుల దగ్గర ఆంథొనీ బ్రాడ్‌షా అనే వృక్ష శాస్త్రవేత్త, ఆయన శిష్యులు మామూలు పచ్చిక గడ్డిని పరీక్షించారు. గని మట్టి దిబ్బ మీద ఆ గడ్డి ఉంది, పక్కనే పశువులు మేసే బీడులోనూ అదే జాతి ఉంది. బీడు గడ్డిని తెచ్చి గని మట్టిలో నాటితే వేరు సాగలేదు. దిబ్బ మీది గడ్డికి మాత్రం హాయిగా వేరు దిగింది. మరి ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? బీడు గడ్డి విత్తనాలే వేల సంఖ్యలో లోహం నిండిన మట్టిలో చల్లి చూశారు. దాదాపు అన్నీ చచ్చాయి. వెయ్యికి ఒకటో రెండో నిలిచాయి. అంటే ఆ గుణాన్ని విషం పుట్టించలేదు. మందలో ఎక్కడో అణగి ఉన్న దాన్ని, మిగతావాటిని చంపి, పైకి తెచ్చింది. దిబ్బ మీది గడ్డి బీడు గడ్డి కన్నా కొన్ని రోజులు ముందే పూస్తుందని కూడా గమనించారు. పూత వేళ మారితే పక్కవాటి పుప్పొడి కలవడం తగ్గుతుంది, సంపాదించుకున్న గుణం పలచబడదు. పొలం గట్టుకు ఇటూ అటూ ఉన్నంత దూరంలో ఒకే జాతి రెండుగా చీలడం మొదలైందన్న మాట.

జన్యువుల లోపల జరిగేది ఇంకా బాగుంటుంది. యూరప్‌లో జింక్, కాడ్మియం అనే విష లోహం ఉన్న నేలల్లో పెరిగే అరబిడాప్సిస్ హాలెరి అనే చిన్న మొక్క ఉంది. మన ఆవాల కుటుంబానిదే. ప్రయోగశాలల్లో పెంచే అరబిడాప్సిస్ థాలియానాకు దగ్గరి చుట్టం. రెండింటిలోనూ హెచ్‌ఎంఏ4 అనే జన్యువు ఉంది. వేరులోని జింక్‌ను దారువులోకి, అంటే నీళ్లను పైకి మోసే గొట్టాల్లోకి, తోడిపోసే పంపును తయారుచేసేది అదే. థాలియానాలో దానికి ఒక్కటే ప్రతి (కాపీ). హాలెరిలో పక్కపక్కనే మూడు ప్రతులున్నాయనీ, వాటిని నడిపే స్విచ్చులు కూడా బలమైనవనీ 2008లో బయటపడింది. బావికి ఒక మోటారు ఉన్నచోట మూడు పెట్టి, హార్స్‌పవర్ కూడా పెంచినట్టు. ఎక్కడా కనీవినీ ఎరుగని కొత్త జన్యువేదీ పుట్టలేదు. కాడ్మియం గుణాలు జింక్‌కు దగ్గరగా ఉంటాయి కాబట్టి అదీ ఆ పంపులోంచే పైకి పోతుంది.

అదే పరిశోధనలో ఆ పంపును థాలియానాలో పెట్టి చూశారు. జింక్ పైకెక్కింది గానీ మొక్క బలపడలేదు, జింక్‌కు ఇంకా త్వరగా దెబ్బతింది. తోడిన నీళ్లకు తొట్టి కావాలి కదా! హాలెరిలో ఆకు కణాల లోపలి సంచి లాంటి రిక్తికలోకి జింక్‌ను నెట్టి దాచే ఎంటీపీ1 అనే మరో జన్యువుకూ అదనపు ప్రతులున్నాయి. తోడడం, దాచడం రెండూ కలిసి మారితేనే మొక్క నిలుస్తుంది. అందుకే మొక్కల్లో ఒక్క జన్యువు మార్చి, వాటితో చెరువులన్నీ కడిగేస్తామనే మాటలు నేను నమ్మను.

ఇంత కష్టపడి విషాన్ని ఆకులోకి ఎందుకు చేర్చుకోవడం? తినవచ్చిన పురుగుకు ఆ ఆకు చేదైపోతుంది అన్నది శాస్త్రవేత్తలు చెప్పే ఒక బలమైన కారణం. బెంగళూరు పాత కాంపౌండ్ గోడల సున్నం పగుళ్లలో నిచ్చెన మెట్లలా సన్నటి ఆకులతో ఒక ఫెర్న్ మొలుస్తుంది. ఆకు తిప్పి చూస్తే రెండు అంచుల వెంటా గోధుమరంగు గీత గీసినట్టు ఉంటుంది. టెరిస్ విట్టాటా దాని పేరు. ఇది ఆర్సెనిక్‌ను పీల్చి, ఎండు ఆకు బరువులో 2 శాతం దాకా దాచుకోగలదని 2001లో అమెరికాలోని ఫ్లోరిడాలో తేలింది. దాచిపెట్టే పని ఏసీఆర్3 అనే జన్యువుది. పూలు పూసే మొక్కలు పరిణామంలో ఆ జన్యువును పోగొట్టుకున్నాయి. మన గోడల్లో విషం ఉందని కాదు, సున్నం ఆ మొక్కకు ఇష్టం. కానీ పురుగు ముట్టని ఆకును చూసి మురిసిపోయే అలవాటు మీద నాకు అనుమానం మొదలైంది ఈ ఫెర్న్ దగ్గరే.

పాలకూర, తోటకూర ఇలాంటి ప్రత్యేక మొక్కలు కావు. అసలు చిక్కు అక్కడే ఉంది. జింక్, రాగి నేలలో మితిమీరితే మామూలు మొక్కే ముందు పసుపెక్కి వాడిపోతుంది, మనకు హెచ్చరిక అందుతుంది. కాడ్మియం అలా కాదు. మనిషి మూత్రపిండాలకు చెరుపు చేసేంత ఆకులో చేరినా మొక్క నిగనిగలాడుతూనే ఉండగలదు. వృషభావతి నది బెంగళూరు మురుగునూ ఫ్యాక్టరీల నీళ్లనూ మోసుకెళ్లి బైరమంగళ చెరువులో పోస్తుంది. ఆ నీళ్లతో ఆకుకూరలూ పండుతాయి, పశువుల గడ్డీ పండుతుంది. మురుగు శుద్ధి కేంద్రాలను కట్టేది ప్రధానంగా సేంద్రియ మలినాల కోసం, లోహాల కోసం కాదు. లోహం కుళ్లదు, ఆవిరి కాదు, మడిలో పేరుకుంటుంది.

మొక్కలే పీల్చి శుభ్రం చేస్తాయిలే అనేవాళ్ల కోసం చిన్న లెక్క. ఎకరం పొలంలో జానెడు లోతు మట్టి సుమారు 1000 టన్నులు. టన్నుకు 5 గ్రాముల కాడ్మియం ఉందనుకుంటే మొత్తం 5 కిలోలు. దాన్ని ఒక్క కిలోకు దించాలంటే 4 కిలోలు తీయాలి. కాడ్మియాన్ని బాగా పీల్చే మొక్క ఏటా 2 టన్నుల ఎండిన ఆకూ కాడా ఇచ్చి, టన్నుకు 100 గ్రాములు లాగినా ఏడాదికి 200 గ్రాములే. ఇరవై ఏళ్లు పడుతుంది. టన్నుకు 5 గ్రాములు లాగే మామూలు మొక్కతో అయితే 400 ఏళ్లు. కోసిన ఆ మొక్కలను ఎక్కడ పారేయాలన్నది మరో సమస్య.

జన్యువుల జ్ఞానం మనకు నిజంగా అక్కరకొచ్చే దారి దీనికి తలకిందులుగా ఉంది. జపాన్‌లో తొయామా వైపు జింజు నది నీళ్లతో పండిన బియ్యం తిని జనం ఎముకలు పెళుసెక్కి, మూత్రపిండాలు చెడి నరకం చూశారు. అక్కడివాళ్లు దానికి పెట్టిన పేరే 'అబ్బా అబ్బా' జబ్బు, ఇటాయ్ ఇటాయ్. కారణం గని నుంచి నదిలో కలిసిన కాడ్మియం. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు కోషిహికారి అనే వరి రకం మీద, జన్యువులు అక్కడక్కడ మారేలా, కార్బన్ అయాన్ల పుంజం ప్రసరింపజేసి, వేరులో కాడ్మియం దూరే ద్వారాన్ని తయారుచేసే ఎన్‌ర్యాంప్5 జన్యువు దెబ్బతిన్న మొక్కలను ఏరారు. వాటి గింజల్లో కాడ్మియం దాదాపు లేదు. పీల్చే మొక్క కాదు, తలుపు మూసే మొక్క కావాలి మనకు. మన తోటకూర, పాలకూర రకాల్లో ఏది తక్కువ లాగుతుందో వేల్స్‌లోలా చల్లి, ఆకుల్లో లోహం కొలిచి, ఏరి చూడాలి.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోనూ అదే పని చేయాలని నా కోరిక. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మిగిలినవి సైనైడ్ దిబ్బలు, అంటే సైనైడ్‌తో బంగారం తీసేశాక పారబోసిన మట్టి గుట్టలు. ఎండాకాలం గాలికి ఆ బూడిదరంగు పొడి ఇళ్లలోకి వస్తుంది. బ్రాడ్‌షా బృందం అలా గని నేలల్లో నిలిచిన గడ్డి జాతుల నుంచి మెర్లిన్, పారిస్ అనే రకాలు తీసి, గని దిబ్బలు కప్పడానికి విత్తనంగా ఇచ్చింది. కోలారు దిబ్బల అంచుల్లో తనంతట తాను నిలిచిన గడ్డి గింజలు ఏరి, లోహాన్ని వేరు దగ్గరే ఆపేసే రకాన్ని పట్టుకోవాలి. ఆవులు మేసినా పాలలోకి రాకూడదు కదా.

నిన్న మళ్లీ బండి దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆమే ముందు చెప్పింది. "మార్కెట్లో అడిగినానన్నా. తోటకూర మాలూరు వైపుదంట, బోరు నీళ్లంట. పాలకూర సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు." తోటకూర రెండు కట్టలు తీసుకున్నాను.