తెలిసీ మునిగిన ఫేసిట్

టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కిన తరానికి ఫేసిట్ పేరు కొత్త కాదు. లోయర్ పరీక్షకు కట్టిన ప్రతివాడికీ ఏదో ఒక యంత్రం రాసిపెట్టి ఉండేది. రెమింగ్టన్, గోద్రెజ్, హాల్డా, ఫేసిట్. నా వంతుకు ఫేసిట్ వచ్చింది. ‘ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్’ కొట్టీ కొట్టీ వేళ్లు నొప్పిపుట్టినా మీటలు మాత్రం మెత్తగా దిగేవి. అది మద్రాసు సరుకే అయినా పేరు స్వీడన్‌ది. అక్కడి బడిపిల్లలకు ఫేసిట్ అంటే లెక్కల పుస్తకం చివర ఉండే జవాబులు. జవాబుల పేరు పెట్టుకున్న ఈ కంపెనీ తన లెక్క తానే ఎలా తప్పిందన్న కథను మేనేజ్‌మెంటు పాఠాల్లో ఏళ్లుగా చెబుతున్నారు. ఆ చెప్పే తీరే తప్పని నా వాదన.

ముందు కథ క్లుప్తంగా. స్వీడన్‌లో ఓట్విదాబెర్గ్ అనే చిన్న ఊరు, ఫేసిట్ పుట్టినిల్లు. రాగి గనులు మూతపడ్డాక బతుకుతెరువు వెతుక్కుని, చివరికి లెక్కల యంత్రాల దగ్గర నిలదొక్కుకుంది. 1932లో ఫేసిట్ పది మీటల క్యాలిక్యులేటర్ వచ్చింది. అంతకుముందు ఇలాంటి పిడి యంత్రాల్లో ఒక్కో అంకెకు ఒక్కో లీవరును జరపాల్సి వచ్చేది. ఇందులో మీటలు నొక్కితే చాలు. 347ని 23తో హెచ్చవేయాలంటే 347 నొక్కి, పక్కనున్న పిడిని మూడుసార్లు తిప్పాలి. ఒక స్థానం జరిపి మళ్లీ రెండుసార్లు తిప్పాలి. ఐదు తిప్పుల్లో 7,981 కిటికీలో నిలబడుతుంది. లోపల పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి తోసుకునే కరకర చప్పుడు వింటే, లెక్క కూడా ఒక చేతిపనే అనిపిస్తుంది. ఆ చేతిపనితోనే కంపెనీ ప్రపంచమంతా పాకింది. 1970 నాటికి ఉద్యోగులు 14,000 మంది పైమాటే. మరో రెండు మూడేళ్లకే ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్ల దెబ్బకు కుదేలై, గృహోపకరణాలు చేసే ఎలక్ట్రోలక్స్ చేతికి పోయింది. ఇక్కడొక విచిత్రం కూడా ఉంది. కంపెనీ అండతో ఎదిగిన ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు సరిగ్గా 1972లో, 1973లో స్వీడన్ విజేతగా నిలిచింది. పోషించిన చెయ్యి పడిపోతుంటే జట్టు కప్పు ఎత్తింది.

ఇక మేనేజ్‌మెంటు గురువుల తీర్పు: ‘ఎలక్ట్రానిక్స్ వస్తోందని ఫేసిట్‌కు తెలియలేదు. పళ్ల చక్రాల మోజులో కళ్లు మూసుకుంది.’ వినడానికి బాగుంది. నిజం మాత్రం కాదు.

ఫేసిట్‌కు అంతా తెలుసు. బెస్క్ అని 1953లో స్వీడన్ సొంతంగా కట్టుకున్న కంప్యూటర్ కొన్నాళ్లపాటు ప్రపంచంలోకెల్లా వేగవంతమైన వాటిలో ఒకటి. దాన్ని కట్టిన ఇంజనీర్లలో చాలామందిని 1956లో ఫేసిట్ తన దగ్గరికి తెచ్చుకుంది. మరుసటి ఏడాదే ఫేసిట్ ఈడీబీ పేరుతో కంప్యూటర్ తయారుచేసింది. అంటే జపాన్‌లో హయకావా సంస్థ (తర్వాతి షార్ప్) తన తొలి ట్రాన్సిస్టర్ క్యాలిక్యులేటర్‌ను బయటపెట్టడానికి ఏడేళ్ల ముందే ఓట్విదాబెర్గ్ కంపెనీ దగ్గర ఎలక్ట్రానిక్స్ తెలిసిన బుర్రలు ఉన్నాయి. కొద్దిపాటి కంప్యూటర్లు కట్టి, ఆ పని అక్కడితో కట్టిపెట్టింది.

తర్వాత చేసిన పని ఇంకా ఘోరం. 1964లో వచ్చిన హయకావా యంత్రం బరువు 25 కిలోలు, ధర 5,35,000 యెన్లు. అప్పట్లో ఆ డబ్బుతో కారు కొనుక్కోవచ్చు. దాన్ని చూసి ఫేసిట్ భయపడిందా? లేదు. హయకావాతోనే ఒప్పందం చేసుకుంది. జపాన్‌లో తయారైన ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్ మీద ఫేసిట్ బిళ్ల అతికించి, తన సేల్స్‌మెన్ చేత తన ఖాతాదారులకే అమ్మించింది. సొంత డబ్బు మాత్రం ఎక్కడ పోసింది? 1966లో ఆడో అనే మరో స్వీడిష్ మెకానికల్ యంత్రాల కంపెనీని కొన్నది. పళ్ల చక్రాలవాడు పక్కింటి పళ్ల చక్రాలను కూడా మూటగట్టుకున్నాడు.

దీన్ని అజ్ఞానం అందామా? నేననను. ఇది దుకాణదారు బుద్ధి. చేసే పని ఎదుటివాడికి అప్పగించి, అమ్మే పని మాత్రం తన దగ్గర పెట్టుకోవడం. అమ్మిన ప్రతి యంత్రంతో ఫేసిట్‌కు కమీషన్ మిగిలింది, హయకావాకు అనుభవం మిగిలింది. ఏ భాగం త్వరగా పాడవుతోంది, ఏ సర్క్యూట్‌ను తగ్గించవచ్చు, ధర ఎక్కడ కోయవచ్చు అన్నది తయారుచేసేవాడికే అంతుబడుతుంది. 1969 నాటికి షార్ప్ ఆ సర్క్యూట్లను నాలుగు పెద్ద చిప్‌లకు కుదించింది. అప్పటికి ఫేసిట్ చేతిలో ఉన్నది బిళ్ల ఒక్కటే.

ఎదుటివాదం లేకపోలేదు. గేర్లు కోసే చేతులు సర్క్యూట్లు అతకలేవు, సాంకేతికత మొత్తంగా మారినప్పుడు పాతవాళ్లు పోక తప్పదు, ఇందులో ఎవరి తప్పూ లేదు అంటారు. కొంత నిజమే. కానీ ప్రపంచంలో తొలి పూర్తి ఎలక్ట్రానిక్ డెస్క్ క్యాలిక్యులేటర్ ఎవరిదో గుర్తుచేసుకోండి. 1961లో వచ్చిన అనీటా. చేసింది బ్రిటన్‌లో టికెట్లకు రంధ్రాలు కొట్టే యంత్రాలతో మొదలై, మెకానికల్ క్యాలిక్యులేటర్లు అమ్ముకుంటున్న బెల్ పంచ్. పాతవాళ్లకు కొత్త పని చేతకాదన్న మాట అక్కడే తేలిపోయింది. తర్వాత అదీ పోటీకి నిలవలేదన్నది వేరే సంగతి.

చేతిలో ఏది ఉంచుకోవాలో జపాన్ వాళ్లందరూ గ్రహించారని కూడా అనుకోనక్కర్లేదు. బిజికామ్ అనే క్యాలిక్యులేటర్ కంపెనీ తన యంత్రం కోసం ఇంటెల్‌తో చిప్ చేయించుకుంది. దాని రూపకల్పనలో బిజికామ్ ఇంజనీరు మసతోషి షిమా కూడా చెయ్యి వేశాడు. అదే 1971 నాటి 4004 మైక్రోప్రాసెసర్. దానిమీద హక్కులు బిజికామ్‌వే. ధర తగ్గించమని బేరమాడి, 60,000 డాలర్లు తిరిగి పుచ్చుకుని, ఆ చిప్‌ను ఇతరులకు అమ్ముకునే వీలు ఇంటెల్‌కు వదిలేసింది. 1974లో బిజికామ్ దివాలా తీసింది. ఇంటెల్ గురించి నేను చెప్పాలా!

ఇదంతా ఎక్కడో స్వీడన్, జపాన్ గొడవ అని పేజీ తిప్పేయకండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది 1967లో. రెండేళ్లు తిరిగేసరికి టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసి చూపించింది. ఓట్విదాబెర్గ్‌లాగే మన దగ్గరా బుర్రలు ముందే ఉన్నాయి. ఆ తర్వాత మనం దేన్ని ఘనంగా చెప్పుకున్నాం? 2015లో శ్రీసిటీలో షియోమీ ఫోన్లు బిగించడం మొదలైతే పండగ చేసుకున్నాం. ఉద్యోగాలు వచ్చాయి, ముఖ్యంగా ఆడపిల్లలకు వచ్చాయి, దాన్ని తక్కువ చేయను. అయితే ఆ ఫోను విప్పి చూస్తే ప్రాసెసర్ ఎవరిది, తెర ఎవరిది? పెట్టె మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ బిళ్ల ఒక్కటే మనది. 2020లో కేంద్రం మొబైల్ తయారీకి ప్రకటించిన ప్రోత్సాహకాలను కూడా ప్రధానంగా ఇక్కడ తయారైన సరుకు అమ్మకాలు ఎంత పెరిగాయన్నదానితోనే కొలిచారు. 1970లో ఫేసిట్ అమ్మకాల పుస్తకం చూసినవాడికీ అంతా దివ్యంగానే కనిపించి ఉంటుంది. ఈసారి అలాంటి రాయితీల లెక్క కట్టేటప్పుడు ఎన్ని ఫోన్లు అమ్మారన్న గడి పక్కన ఇంకో గడి పెట్టమనండి: వాటిలో ఎన్ని భాగాల డిజైన్ ఇక్కడ గీశారు?