గరికపాడు దగ్గర బస్సు దిగేది ఎవరు?

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కారులో వెళ్లేవారికి రాష్ట్రం మారిన సంగతే తెలియదు. గరికపాడు దగ్గర పాలేటి వంతెన దాటితే తెలంగాణ, ఇంకాస్త ముందుకెళ్తే కోదాడ. ఏసీ బస్సులో నిద్రపోయేవారికీ అంతే. సరిహద్దు అడ్డమొచ్చేదల్లా ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులను నమ్ముకున్నవారికే.

2020 దసరా గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్ ఆంక్షలు సడలి కార్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. రెండు రాష్ట్రాల ఆర్టీసీల మధ్య ఒప్పందం కుదరక బస్సులు మాత్రం లేవు. పండగ రద్దీకి ఏపీ బస్సులు గరికపాడు దాకా వచ్చి ఆగాయి. జనం సంచులు భుజాన వేసుకుని, పిల్లల చేతులు పట్టుకుని అవతలకు నడిచి, అక్కడ ఇంకో బస్సు వెతుక్కున్నారు. అప్పటికి వైరస్ భయం ఒక కారణమే కాదు. పేచీ అంతా ఎవరి బస్సు అవతలి రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరగాలన్న దాని మీదే.

ఆ నవంబరు 2న ఒప్పందం కుదిరింది. తెలంగాణలో ఏపీ బస్సులు 638, తిరిగేది 1,60,999 కిలోమీటర్లు. ఏపీలో తెలంగాణ బస్సులు 826, తిరిగేది 1,61,258 కిలోమీటర్లు. అంతకుముందు ఏపీ 1,009 బస్సులు నడిపేది. అంటే 371 తగ్గాయి. రెండు సంస్థలకూ నష్టం రాకూడదన్న పట్టుదల నాకు అర్థమవుతుంది, తప్పుపట్టను. కానీ కిలోమీటర్లు సరిసమానం చేయడమే లక్ష్యమైతే ఆదాయం బాగా వచ్చే విజయవాడ, హైదరాబాద్ రూటు మీదే ఎవరికైనా కన్నుంటుంది. జగ్గయ్యపేట నుంచి కోదాడకు, తిరువూరు నుంచి ఖమ్మం వైపు ఊళ్లకు వెళ్లే చిన్న సర్వీసుల గురించి గట్టిగా అడిగేవారుండరు. సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలు, పొలాలు, ఆసుపత్రి పనులు ఉన్నది మాత్రం ఆ ఊళ్లవారికే.

ఈ మధ్య విజయవాడ బస్టాండులో ఖమ్మం వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నా ముందు సీట్లో చంటిబిడ్డతో ఒకావిడ ఆధార్ కార్డు తీసి చూపించింది.

“ఇది నందిగామ అడ్రసు కదమ్మా?” అన్నాడు కండక్టరు.

“అది పుట్టిల్లండీ, ఉండేది ఖమ్మంలోనే.”

“కార్డులో ఏముంటే అదేనమ్మా, నేనేం చేయలేను.”

ఆమె పూర్తి చార్జీ ఇచ్చింది. తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు నుంచి ఉంది, అయితే అది అక్కడి చిరునామా ఉన్నవారికే. ఏపీలో అలాంటిదే స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది, కానీ అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఇంకో రాష్ట్రం అయిన మనిషికి రెండు పథకాల్లో ఒక్కటీ అందలేదు. మహిళలు స్వేచ్ఛగా తిరగాలని పెట్టిన పథకాలే సరిహద్దు దగ్గర కొత్త గేటు వేశాయంటే బాధగా ఉంటుంది.

రైలుకు ఈ గొడవ లేదు. గుంటూరులో గోల్కొండ ఎక్కితే మధిర, ఖమ్మం, వరంగల్ మీదుగా సికింద్రాబాద్ దాకా ఒకటే టికెట్. 2014కు ముందూ అంతే, ఇప్పుడూ అంతే. కోదాడకూ సూర్యాపేటకూ మాత్రం రైలు లేదు. హైవే పక్కనున్న ఇలాంటి ఊళ్లకు బస్సే దిక్కు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. సరిహద్దు డిపోల మధ్య యాభై కిలోమీటర్లలోపు తిరిగే సర్వీసులను ఆ సమాన కిలోమీటర్ల లెక్కలోంచి తీసేయాలి. జగ్గయ్యపేట, కోదాడ, తిరువూరు, మధిర డిపో మేనేజర్లు కూర్చుని జనం రద్దీని బట్టి ట్రిప్పులు వేసుకునే వీలు ఇవ్వాలి. ఆ బస్సుల్లో మహిళలు ఏ రాష్ట్రం ఆధార్ చూపించినా చార్జీ లేని జీరో టికెట్ కొట్టి, ఖర్చును రెండు ప్రభుత్వాలు నెలాఖరున సర్దుకోవాలి. జీరో టికెట్ల లెక్క కండక్టరు చేతిలోని మిషన్‌లో ఎలాగూ ఉంటుంది.