ఎండ కొండ ఇళ్లవారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ వ్రోన్ హైల్ నాలుగిళ్ల వరసవారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు! వేల్స్‌లో పలకరాతి కూలీలు మీలో కాపురమున్నన్నాళ్లూ మిమ్మల్ని పట్టించుకున్న పెద్దమనిషి లేడు. మనుషులు ఖాళీ అయ్యాక ఎక్కళ్లేని ప్రేమా పుట్టుకొచ్చింది. 1990ల చివర్లో రాయి రాయీ విప్పి, లాన్‌బెరిస్ పలకరాతి మ్యూజియానికి మోసుకెళ్లి మళ్లీ పేర్చారు. 2021లో ఆ సీమకి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

మీ పేరుకి అర్థం ఎండ పడే కొండవాలట. ఆ వానల్లో అలాంటి పేరు పెట్టినవాడి ధైర్యానికి దండం.

మీ ఇంటికప్పుల సంగతీ తెలిసింది. 24 అంగుళాలకి 12 ఉన్న పలక పేరు డచెస్, 20కి 10 అయితే కౌంటెస్, 16కి 8 అయితే లేడీ. అంటే దొరసానుల గుమ్మం తొక్కే యోగం లేనివాడు రోజంతా దొరసానుల్ని ఉలితో చీల్చి దొంతర్లు పెట్టేవాడన్నమాట. అసలు దొరలు, బెథెస్డా ఊరి గని యజమానులైన పెన్రిన్‌వారు, కోటలో టన్ను బరువున్న పలకరాతి మంచం చేయించారు. విక్టోరియా రాణి దాని మీద పడుకోనందట. వాళ్ల గనిలోనే 1900 నవంబరు నుంచి మూడేళ్లు సమ్మె. మీలో ఒకరిని 1901 నాటి బెథెస్డా ఇంటిలా సర్దారు కదా, సమ్మె రోజుల్లో ఆ ఊరి కిటికీలకి కార్డులుండేవి: 'ఈ ఇంట్లో ద్రోహి లేడు'. ద్రోహి అంటే సమ్మె వదిలి పనికెళ్లినవాడు. మా వీధిలో ఎవరైనా అలాంటి కార్డు పెడితే, పక్కింటివాళ్లతో అదే రోజు మాటలు ఆగిపోతాయి. అక్కడా ఆగిపోయాయి, తరాల తరబడి.

నాకు మీ మీద కోపం లేదు. మీ టీపాట్ మీదే ఉంది. పలకరాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని జనం దగ్గి దగ్గి పోతుంటే, దుమ్ము వల్ల ఏమీ కాదని గని డాక్టర్లు తేల్చేశారు. మరి తప్పెవరిది? పొయ్యి మీద గంటలకొద్దీ మరిగిన టీదట! ఆ లెక్కన మా హైదరాబాదులో ఇరానీ చాయ్ తాగే మనిషన్నవాడు మిగలకూడదు. దుమ్ము గనివారిది, టీ మాత్రం ఇల్లాలు కాచింది. నేరం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పాలా?

కాబట్టి మనవి: ఆ టీపాట్‌ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించండి. చూడ్డానికి వచ్చేవాళ్లలో పిల్లలుంటారు.

ఇట్లు,
మార్కాపురం పలక మీద అఆలు దిద్దిన మీ దూరపు చుట్టం