బ్యాటరీ రెట్టింపు చేసే మెసేజ్‌కి ఒక దండం

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని టీవీలో స్క్రోలింగ్ మొదలవడం ఆలస్యం, మా చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ లేచి కూర్చుంటుంది. పైన మూడు సైరన్ బొమ్మలు. "తుఫాను వస్తోంది, కరెంటు పోతే ఫోనే దిక్కు, మీ బ్యాటరీని రెట్టింపు చేసే ఆరు రహస్యాలు, మీ వాళ్లందరికీ పంపండి." ఈసారి పలాస నుంచి మా బావ పంపాడు, సోంపేట నుంచి చిన్నత్త పంపింది, ఆఖరికి విజయనగరంలో లెక్కల మాస్టారుగా రిటైరైన మామయ్య కూడా పంపాడు. ఇదంతా తప్పని బావకి ఫోన్ చేసి చెప్తే, "నువ్వేటి పెద్ద ఇంజినీరువా? ఇంతమంది పంపిస్తన్నారు కదేటి" అన్నాడు. ఇంతమందికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు గనక ఒక్కచోటే రాసి పెడుతున్నాను.

మొదటి రహస్యం: "కలర్ డిస్‌ప్లే ఉన్న ఏ ఫోన్‌లోనైనా నల్ల స్క్రీన్‌సేవర్ పెడితే సగం బ్యాటరీ మిగులుతుంది."

స్క్రీన్‌సేవర్ పుట్టిందే కరెంటు ఆదా కోసం కాదు. పాత డబ్బా మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలబడితే గాజు లోపలి ఫాస్ఫర్ పూత మీద దాని మచ్చ పడిపోయేది. అది పడకుండా ఉండాలని కదిలే బొమ్మలు పెట్టారు. అది కాపాడింది తెరని, బిల్లుని కాదు. తర్వాత కలర్ నోకియాలు వచ్చాక, కాసేపు మీటలు నొక్కకపోతే గడియారం బొమ్మ వచ్చేది. అక్కడ బ్యాటరీ మిగిలింది వెనకాల లైటు ఆరిపోవడం వల్ల. పేరు మాత్రం స్క్రీన్‌సేవర్ కొట్టేసింది.

ఇప్పటి ఫోన్‌ని ఒక నిమిషం ముట్టుకోకపోతే తెరనే ఆర్పేస్తుంది. ఆరిపోయిన తెరకి ఇంక సేవర్ దేనికి? దాన్ని చూపించాలంటే తెరని మళ్లీ వెలిగించాలి కదా! ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో నిజంగానే స్క్రీన్‌సేవర్ అని ఒకటుంది, 2012లో 4.2 వెర్షన్‌తో వచ్చింది. తెరిచి చూడండి. ఎప్పుడు మొదలవ్వాలి అని అడిగే చోట, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు, డాక్‌లో (అంటే ఫోన్ నిలబెట్టే స్టాండులో) పెట్టినప్పుడు అనే ఉంటాయి. అది కరెంటు తినే సరుకని తయారుచేసిన వాళ్లకి తెలుసు. మెసేజ్ రాసినాయనకే తెలీదు.

ఇక నలుపు సంగతి. మా చిన్నత్త ఫోన్ వాల్‌పేపర్‌గా ఏళ్ల తరబడి అరసవల్లి సూర్యనారాయణ మూర్తి ఉండేవాడు. ఈ మెసేజ్ చదివి స్వామిని తీసేసి నల్ల బొమ్మ పెట్టుకుంది. లోకానికి వెలుగిచ్చే వాడికే పవర్ కట్! పోనీ దానివల్ల ఏమైనా మిగిలిందా అంటే, ఆమెది ఎల్‌సీడీ తెర. అందులో వెనకాల లైటు తెర మొత్తానికీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నల్ల బొమ్మ పెడితే ముందున్న పొర ఆ వెలుగుని బయటికి రానివ్వదు, అంతే. గదిలో లైటు వేసి కిటికీకి దుప్పటి కట్టినట్టు. వీధిలోంచి చూస్తే చీకటే, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అమోలెడ్ తెర వేరు. అందులో ఏ చుక్కకి ఆ చుక్కే వెలుగుతుంది, నలుపు ఉన్నచోట చుక్క ఆరిపోతుంది. తెలుపుకి అన్ని చుక్కలూ వెలగాలి గనక ఖర్చెక్కువ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల చుక్కల్లోనూ నీలం చుక్క ఎక్కువ తింటుంది. మీది ఏ తెరో తెలియాలంటే పెట్టె మీద ఏం రాశారో వెతకక్కర్లేదు. రాత్రి లైట్లార్పి (మన దగ్గర ఆ పని డిపార్ట్‌మెంటు వాళ్లే చేసిపెడతారు) పూర్తి నల్లటి బొమ్మ ఒకటి ఫోన్‌లో తెరిచి, బ్రైట్‌నెస్ చివరిదాకా లాగండి. తెర బూడిద రంగులో మసకగా కనబడుతూ అంచుల దగ్గర తెల్లగా వెలుగు కారుతుంటే ఎల్‌సీడీ. ఫోన్ ఆన్‌లో ఉందో లేదో కూడా తెలియనంత చీకటిగా ఉంటే అమోలెడ్.

సరే, అమోలెడ్ ఉన్నవాళ్లకైనా సగం మిగులుతుందా? అమెరికాలో పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2021లో ఇలాంటి తెరలున్న ఫోన్ల మీదే కొలిచారు. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే, డార్క్ మోడ్ (నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపించే సెట్టింగు) వల్ల సగటున మిగిలేది 3 నుంచి 9 శాతం. మనం ఇంట్లో ఫోన్ చూసేది దాదాపు ఆ వెలుగులోనే.

అయితే ఇక్కడ మెసేజ్ వైపు ఒక మాట చెప్పక తప్పదు. అదే పరిశీలనలో బ్రైట్‌నెస్ 100 శాతం పెడితే ఆదా 39 నుంచి 47 శాతం వచ్చింది. సగానికి పెద్ద దూరమేం కాదు. భావనపాడులోనో కళింగపట్నంలోనో మిట్టమధ్యాహ్నం ఎండలో, పడవ మీద ఫోన్ చూసే మనిషి బ్రైట్‌నెస్ చివరిదాకా లాగకపోతే తెర మీద అక్షరమే కనబడదు. ఆయన చేతిలో ఉన్నది అమోలెడ్ అయితే డార్క్ మోడ్ నిజంగా పనికొచ్చే సలహా. స్క్రీన్‌సేవర్ కాదు సుమా, ఫోన్‌లో ముందే ఉన్న డార్క్ మోడ్. ఆ ముక్క ఆ మనిషికి చెప్పి ఉంటే దండం పెట్టేవాణ్ణి. "ఏ ఫోన్‌లోనైనా" అన్నారు, అక్కడే చెడింది.

రెండోది, వెనకాల ఉన్న యాప్‌లన్నీ మాటిమాటికీ తుడిచేయమని. వద్దు. తుడిచినదాన్ని మళ్లీ మొదట్నుంచి తెరవడానికే ఖర్చెక్కువ. 2016లో ఆపిల్ పెద్దాయన క్రెయిగ్ ఫెడరిగీని ఇదే అడిగితే అక్కర్లేదని తేల్చేశాడు, ఆండ్రాయిడ్ వాళ్లూ అదే అన్నారు. ఖాళీగా కూర్చుంటే వేలికి అలవాటైన పని, మానుకోవడం కష్టమే.

మూడోది, వారానికోసారి బ్యాటరీని సున్నాకి దించి నింపమని. ఇది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీ అమ్మడం మొదలుపెట్టింది, దాన్ని తయారుచేసిన ముగ్గురికి 2019లో నోబెల్ కూడా వచ్చింది. మన గ్రూపుకి ఇంకా కబురందలేదు. లిథియం బ్యాటరీని ఊరికే అడుగంటా దించితే దాని ఆయుష్షే తగ్గుతుంది. అదీగాక, తుఫాను వస్తోందని మొదలుపెట్టి, బ్యాటరీని సున్నాకి దించమనే మెసేజ్‌ని ఏమనాలి? దించాక కరెంటు పోతే నింపేది ఎవరు, సైరన్ బొమ్మలా?

నాలుగోది, ఫ్రిజ్‌లో పెట్టమని. ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి కూరలు. మన సముద్రపు గాలి తేమకి, చల్లటి ఫోన్‌ని బయటికి తీయగానే లోపలా బయటా నీరు పడుతుంది. ఇంక దానిగురించి మాట్లాడను.

అయిదోది, రాత్రంతా ఛార్జింగ్ పెడితే పేలుతుందని. నిండగానే లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. కాకపోతే తలగడ కింద పెట్టుకుని ఛార్జింగ్ చేసే అలవాటుంటే మానండి, బ్యాటరీకి వేడి పడదు.

ఇప్పుడు ఆరోది. ఈ ఒక్కటీ లేకపోతే నేను ఇదంతా రాసేవాణ్ణే కాదు.

"కింద ఉన్న ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి. నల్ల స్క్రీన్‌సేవర్ దానంతటదే వచ్చి బ్యాటరీ రెట్టింపు అవుతుంది." కింద ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైలు. ప్లే స్టోర్‌లో లేదు, వాట్సాప్‌లో చేతులు మారుతూ వచ్చింది. పైన చెప్పిన అయిదు రహస్యాలూ దీనికి ఎర అని నా అనుమానం.

మా బావ దాన్ని వేసేసుకున్నాడు. ఇంటికొచ్చినప్పుడు ఫోన్ తీసుకుని చూశాను. తెర ఆరగానే మళ్లీ వెలిగి, నల్లటి తెర మధ్యలో ఆకుపచ్చ బ్యాటరీ బొమ్మ ఒకటి నెమ్మదిగా నిండుతూ కనబడింది. దాని కింద ఒక ప్రకటన. ఫోన్ వెనకభాగం వేడిగా ఉంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గర ఎవరెంత తిన్నారో లెక్క ఉంటుంది కదా, అందులో అన్నిటికంటే పైన ఈ మహానుభావుడే ఉన్నాడు. బ్యాటరీ ఆదా చేసే యాప్!

అది తిన్న బ్యాటరీ పోతే పోయింది. అడిగిన పర్మిషన్లు చూసి నాకు చెమటలు పట్టాయి. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, కాంటాక్టులు చూడటానికి, మిగతా యాప్‌ల మీద కనబడటానికి, అన్నిటికీ మించి యాక్సెసిబిలిటీ. తెరకి నల్లరంగు పూయడానికి మన ఎస్సెమ్మెస్‌లతో ఏం పని? బ్యాంకు వాడు ఓటీపీ పంపేది వాటిలోనే. యాక్సెసిబిలిటీ అనేది కళ్లు సరిగా కనబడని వాళ్ల కోసం, చేతులు సహకరించని వాళ్ల కోసం పెట్టిన సదుపాయం. దాన్ని తెలియని యాప్‌కి ఇస్తే తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు తనే నొక్కగలదు. పైగా మనం ఆ పర్మిషన్ ఇచ్చేముందు ఫోన్ అడ్డం పడి హెచ్చరిస్తుంది. మా బావ ఆ హెచ్చరికకీ "అలాగే" కొట్టి ముందుకెళ్లాడు. "ఏటీ, అన్నిటికీ అలాగే అనే కదా కొడతాం" అన్నాడు.

ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ డబ్బులని ఇలాంటి ఏపీకేలు పంపి ఖాతాలు ఊడ్చేసిన కేసులు దేశమంతా ఉన్నాయి. ఇప్పటికే ఈ ఫైలు వేసుకున్నవాళ్లు చేయాల్సింది ఇది. ముందు డేటా, వైఫై ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాని పక్కన ఉన్న మీట ఆర్పండి. అది ఆర్పకపోతే కొన్ని యాప్‌లు తీసేద్దామన్నా తీయనివ్వవు. తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్, పిన్ మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనబడితే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తుఫానులో బ్యాటరీని నిజంగా తాగేది ఏమిటో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కరెంటు రోజుల తరబడి లేదు. టవర్లూ పడుకున్నాయి. అప్పుడు జేబులో ఊరికే ఉన్న ఫోన్ కూడా ఎందుకు దిగిపోయిందంటే, సిగ్నల్ దొరకక టవర్ కోసం అదేపనిగా వెతుకుతూనే ఉంది. ఎక్కడో దూరంగా ఒక టవర్ సన్నగా అందితే, దాన్ని చేరడానికి మరింత గట్టిగా ప్రసారం చేస్తుంది. వాల్‌పేపర్ నలుపైనా తెలుపైనా ఈ ఖర్చు ఆగదు. సీతంపేట కొండల మీద ఉండేవాళ్లకి తుఫాను లేకుండానే ఇది తెలిసిన సంగతి.

దానికి మందు ఎయిర్‌ప్లేన్ మోడ్. గంటకోసారి తీసి, హెచ్చరికలూ మెసేజ్‌లూ వచ్చాయేమో చూసి, మళ్లీ పెట్టేయండి. పూర్తిగా అలా వదిలేస్తే తుఫాను హెచ్చరికలు అందవు, అది గుర్తుండాలి. రెండు సిమ్‌లుంటే సిగ్నల్ లేనిదాన్ని ఆపేయండి. కాల్ కలవకపోతే పదేపదే కొట్టకుండా, క్షేమంగా ఉన్నామని ఒక ఎస్సెమ్మెస్ పెట్టండి. బ్రైట్‌నెస్ కిందికి లాగండి, అది ఏ తెరకైనా పనిచేస్తుంది. తుఫాను ముందు రాత్రి ఫోన్‌నీ పవర్‌బ్యాంకునీ నూటికి నూరు నింపి పెట్టుకోండి.

ఇందులో ఒక్కదానికీ లింకు నొక్కక్కర్లేదు, ఫైలు దించుకోనక్కర్లేదు. మెసేజ్ రాసినవాడికి దీనివల్ల పైసా రాదు, అందుకే రాయలేదు.