అకిలా ఒడి, ఉద్దానం తోట

మన జిల్లాలో గెరిల్లా అన్న మాట పాతది, గొరిల్లా కొత్తది. ఎత్వం పడాల్సిన చోట ఒత్వం పడి, కొండల్లో ‘గొరిల్లా దళాలు’ తిరిగినట్టు అచ్చయిపోవడం తెలుగు పత్రికలు ఎరిగిన పొరపాటే. మా డెస్కూ ఒకటి రెండుసార్లు నాలిక కరుచుకుంది. ఇవాళ మాత్రం రాస్తున్నది ఒత్వం ఉన్న అసలు జంతువు గురించే. సెప్టెంబరు 24 ప్రపంచ గొరిల్లా దినం. 1967లో ఇదే రోజున కొండ గొరిల్లాలను అధ్యయనం చేసిన డయాన్ ఫాసీ రువాండా కొండల్లో కరిసోకే పరిశోధన కేంద్రాన్ని మొదలుపెట్టింది. శ్రీకాకుళంలో కూర్చుని ఆఫ్రికా గొరిల్లా ఊసెందుకని అడిగేవారికి జవాబు ఉంది. దానికి ముందు ఒక పురిటి కథ చెప్పుకోవాలి.

1959 సెప్టెంబరు 23న స్విట్జర్లండ్‌లోని బాసెల్ జూలో అకిలా అనే గొరిల్లాకు ఆడపిల్ల పుట్టింది. యూరప్ గడ్డ మీద పుట్టిన తొలి గొరిల్లా అదే. అకిలా బిడ్డను విసిరికొట్టలేదు, వదిలేయలేదు. ఎత్తుకుంది, ఒళ్లోనే పెట్టుకుంది. పాలు మాత్రం పట్టలేదు. బిడ్డ నోరు రొమ్ముకు అందేలా పట్టుకోవాలని ఆమెకు తెలియదు. తెలిసేదెలా? పసితనంలోనే అడవి నుంచి పట్టుకొచ్చారు. మరో తల్లి బిడ్డను పెంచుతుంటే చూసే రాత ఆమెకు లేకపోయింది. మన ఊళ్లలో తొలిచూలు కాన్పు పుట్టింట్లోనే ఎందుకు జరుగుతుందో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. బిడ్డ తలకింద చెయ్యి ఎలా వెయ్యాలో అమ్మమ్మ పక్కన కూర్చుని చూపిస్తుంది. అకిలాకు పుట్టిల్లు లేదు. ఆకలితో బిడ్డ నీరసించిపోతుంటే జూ డైరెక్టర్ ఎర్నెస్ట్ లాంగ్ తీసి తన ఇంటికి తీసుకెళ్లాడు. గోమా అని పేరు పెట్టి ఇంటి బిడ్డతో సమానంగా పెంచాడు. 1961లో అకిలాకు మగపిల్లాడు జాంబో పుట్టాడు. ఈసారి ఆమే పాలిచ్చింది. జూలో తల్లి చేతుల్లో పెరిగిన మొదటి గొరిల్లా జాంబోయే.

ఇక్కడికి చేరడానికి మనుషులకు వందేళ్లు పైనే పట్టింది. గొరిల్లాకు శాస్త్రీయ నామం పెట్టింది 1847లో. 1855లో ఇంగ్లండ్‌లో ఊరూరా తిరిగే ఒక జంతు ప్రదర్శనలో ఒక గొరిల్లా పిల్ల ఉండేది. చింపాంజీ అనుకునే దాన్ని చూపించారు, అది కొన్ని నెలల్లోనే పోయింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకు 1911లో వచ్చినది పది రోజులు దాటి కొద్దిగా మాత్రమే బతికింది. ఒకదానికి నిమోనియా, ఇంకొకదానికి విరేచనాలు, మరొకదానికి తిండి మీద విరక్తి. మనుషుల జలుబే వాటి ప్రాణం తీసేది. పిల్లను పట్టాలంటే తల్లిని, అడ్డొచ్చిన పెద్దవాటిని చంపాల్సిందే. 1969లో జర్మనీలోని కొలోన్ జూ కోసం పట్టిన రెండు కొండ గొరిల్లా పిల్లలకు ఫాసీ సేవ చేసి ప్రాణం పోసింది. అయినా వాటిని జర్మనీకి పంపక తప్పలేదు. 1978లో నెల వ్యవధిలో రెండూ చచ్చిపోయాయి.

బతికి బట్టకట్టినవాటికి పేరొచ్చింది. చికాగో లింకన్ పార్క్ జూలో బుష్‌మన్ 1930 నుంచి 1951 దాకా ఉన్నాడు. లండన్ జూకు 1947 నవంబరు 5న వచ్చిన గై 1978 వరకు జనాన్ని అలరించాడు. జనం మధ్యే ఉన్నా తోటి గొరిల్లా లేని బతుకు. చాలా ఏళ్లు గడిచాక లోమీ అనే ఆడ తోడును తెచ్చారు. పిల్లలు కలగలేదు. కుర్రతనమంతా ఒంటరిగా గడిపినవాడికి ముదిమిలో పెళ్లి చేస్తే ఏమవుతుందో అదే అయింది.

జూలో పుట్టిన తొలి గొరిల్లా కోలో. 1956 డిసెంబరు 22న అమెరికాలోని కొలంబస్ జూలో పుట్టింది. ఆ పొద్దున్న బోను దగ్గరికి వెళ్లిన వారెన్ థామస్ అనే పశువైద్య విద్యార్థికి ఉమ్మనీటి సంచిలోనే ఉన్న పిల్ల నేలమీద కనిపించింది. తల్లిని పక్కకు తప్పించి, సంచి తీసి, నోటితో ఊపిరి ఊదాడు. కోలో 60 ఏళ్లు దాటి 2017లో కన్నుమూసే నాటికి మనవలూ మునిమనవలతో పెద్ద వంశం. సీసా పాలతో, పసిపిల్లల గౌన్లతో పెంచడమే గొప్పగా చెప్పుకున్న రోజులు క్రమంగా పోయాయి. పిల్లను తల్లి దగ్గరే ఉంచాలి, తల్లికి గుంపు ఉండాలి, గుంపుకు వీపు నెరిసిన ఒక పెద్ద మగది ఉండాలని జూలు నేర్చుకున్నాయి. 2018లో వాషింగ్టన్ జూలో కలాయా నెలలు నిండుతున్నప్పుడు, పిల్లలతో ఉన్న తల్లి గొరిల్లాల బొమ్మలు చూపించి మరీ సిద్ధం చేశారు. అమ్మమ్మ పని బొమ్మలు చేశాయి.

అయితే పిల్లలు పుట్టడంతో చిక్కు తీరలేదు, కొత్తది మొదలైంది. పుట్టేవి ఆడా మగా ఇంచుమించు సమానం. గుంపుకు కావలసిన మగది ఒక్కటే. మిగిలిన మగవాటి మాటేమిటి? వాటిని జతలుగానో మగ గుంపులుగానో వేరే పెడుతున్నారు. మన దేశంలో ఉన్నవీ అలాంటివే. డబ్లిన్ నుంచి 1995లో మైసూరు వచ్చిన పోలో 2014లో చనిపోయేదాకా మన దేశంలో గొరిల్లా అంటే అదొక్కటే. 2021లో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా ఇద్దరూ మగవే. మైసూరులో గొరిల్లా పుడుతుందని ఎదురుచూడక్కర్లేదు. తిండి గొడవ ఇంకొకటి. బిస్కెట్ల మేతతో పెరిగిన జూ గొరిల్లాలు, ముఖ్యంగా మగవి, గుండె జబ్బుతో పోతున్నాయని తేలాక, క్లీవ్‌లాండ్ జూ బిస్కెట్లు మానిపించి బుట్టల కొద్దీ ఆకుకూరలు పెట్టింది. అక్కడి గొరిల్లాలు చెరో ముప్పై కిలోల దాకా తగ్గాయి. మన డాక్టర్లు చెప్పేదీ ఇదే, వినేవాళ్లే తక్కువ.

ఇంత చదువుకున్నాక ఒక లెక్క చూడాలి. జూల్లో పెరుగుతున్నవి దాదాపు అన్నీ పశ్చిమ పల్లపు గొరిల్లాలు. అడవిలో అవి ఇంకా 3 లక్షలకు పైగా ఉన్నా, ఎబోలా, వేట కలిసి వాటిని తరిమేస్తున్నాయి. కొండ గొరిల్లా జూలో ఒక్కటీ లేదు. 1981లో రువాండా, ఉగాండా, కాంగో కలిసే చోటి విరుంగా కొండల్లో అవి 254. ఇప్పుడు, ఉగాండాలోని బ్విండీ అడవితో కలిపి, వెయ్యి దాటాయి. అక్కడ జీతం ఇచ్చి నిలబెట్టిన కాపలాదారులు ఉన్నారు. ఉచ్చులో చిక్కినదాన్ని అక్కడే విడిపించి కట్టు కట్టే వైద్యులు ఉన్నారు. చూడవచ్చేవారి డబ్బులో చుట్టుపక్కల ఊళ్లకు వాటా ఉంది. జూలకు మేము వ్యతిరేకం కాదు. విశాఖ జూ అంతరిస్తున్న రేసుకుక్కల, అంటే అడవికుక్కల, పునరుత్పత్తి చేపట్టింది. గొరిల్లా ఆఫ్రికాది, రేసుకుక్క మన అడవులది. దాని పేరు మాత్రం ఏ పిల్లాడూ అడగడు. కార్తీకంలో శ్రీకాకుళం, విజయనగరం బడుల బస్సులు ఆ జూ ముందు ఆగినప్పుడు పులి ఎక్కడ, సింహం ఎక్కడ అన్న కేకలే ముందు వినిపిస్తాయి.

ఉద్దానం సంగతి ఇక్కడే వస్తుంది. 2018 తిత్లీ తుపాను కూల్చేసిన కొబ్బరి, జీడి తోటల్లో మళ్లీ మొక్కలు లేచాయి, ఎలుగులు కూడా తిరుగుతున్నాయి. జీడిపండు, పనస పండే కాలానికి అవి ఊరి దాకా వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు బలయ్యాడు, మరికొందరు గాయపడ్డారు. మత్తిచ్చి పట్టిన ఆ ఎలుగు విశాఖ జూకి ప్రాణంతో చేరలేదు. తోటలోకి పోవాలంటే గుండె దడదడలాడే రైతును జంతుప్రేమ గురించి అడగడం అన్యాయం. కానీ పట్టి జూకి పంపేద్దాం అన్నది పరిష్కారం కాదని కిడిసింగి ఒక్కసారితోనే చూపింది. ఒకదాన్ని పట్టుకెళితే ఆ చోటుకు మరొకటి వస్తుంది.

విరుంగా నుంచి మనం ఎత్తుకు రావలసింది గొరిల్లాను కాదు, ఆ కాపలాదారును, ఆ వైద్యుణ్ణి. మత్తు మోతాదు తెలిసిన పశువైద్యుడు, వలలు, బోను ఉన్న బండి పలాసలోనే ఉండాలి, విశాఖ నుంచి వచ్చేదాకా ఆగే పని ఉండకూడదు. దెబ్బ తిన్న మనిషికి పరిహారం కాగితాల్లో నలగకుండా చేతికి అందాలి. కొండ అంచుల్లో పనస, నేరేడు, వెలగ నాటితే ఎలుగు తోట దాకా దిగే అవసరం కొంత తగ్గుతుంది. ఎలుగు తిరిగే వేళల్లో తోటకు ఒంటరిగా పోవద్దని దండోరా వేసే పని పంచాయతీలది. జీడి కోతలు మార్చిలో మొదలవుతాయి. అంటే ఇంకా అయిదు నెలలు ఉంది.